కొత్త ఫస్ట్ క్లాస్ క్యాబిన్లు: వీడియోలో చూసింది శంషాబాద్‌లో ఎక్కితే దొరుకుతుందా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి షష్టిపూర్తి కానుకగా అమ్మానాన్నల్ని న్యూజెర్సీలో ఉన్న అక్కగారింటికి ఫస్ట్ క్లాసులో పంపాలనుకుంటున్నారు. తలుపులు మూసుకునే సూట్లు, విమానంలో స్నానం, అన్నీ వీడియోల్లో చూశారు. పెట్టే డబ్బుకి తగ్గట్టు నిజంగా ఉంటుందా, లేక బిజినెస్ క్లాస్ చాలా?

కొత్త క్యాబిన్లు బాగానే ఉంటాయండీ. ఆ విషయంలో వీడియోల్లో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ క్యాబిన్ మీవాళ్ళు ఎక్కే విమానంలో ఉండకపోవచ్చు. ఉన్నా, అది అరవై ఏళ్ళ దంపతులకు పనికొచ్చే తీరులో ఉండకపోవచ్చు. నేను సోమాజిగూడలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొట్టడంతో మొదలుపెట్టి, ఇప్పుడు కంపెనీల ప్రయాణాల ఏర్పాట్లు చూస్తున్నాను. ముందు వరుసల్లో సొంత డబ్బుతో కూర్చున్నది తక్కువ, పాయింట్లతోనూ అప్‌గ్రేడ్లతోనూ కూర్చున్నది ఎక్కువ. కాబట్టి మోజు కొంచెం తక్కువే, ముందే చెప్తున్నా.

మీరు చూసిన వీడియో చాలామటుకు దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ తన బోయింగ్ 777 విమానాల్లో 2017 నవంబర్‌లో తెచ్చిన సూట్‌దే అయ్యుంటుంది. నేల నుంచి పైకప్పు దాకా గోడలు, జారుడు తలుపు, ఒక్కో గది సుమారు 40 చదరపు అడుగులు, పడక 78 అంగుళాలు. వరుసకి ముగ్గురే, మొత్తం ఆరు సూట్లు. మధ్య సూట్‌కి కిటికీ ఉండదు కాబట్టి బయట బిగించిన కెమెరాల దృశ్యాన్ని కిటికీ ఆకారపు తెరల మీద చూపిస్తారు. కిటికీ పక్కవాళ్ళకి చూసుకోవడానికి బైనాక్యులర్స్ కూడా ఇస్తారు. తలుపు తీయకుండానే గ్లాసు అందించడానికి గోడలో చిన్న అర, క్రూతో మాట్లాడటానికి వీడియో కాల్. అందులో పడుకుంటే పక్కన మనిషి ఉన్నట్టే తెలియదు. ఏడెనిమిదేళ్ళు దాటినా ఇప్పటికీ దాన్ని మించిన ఏకాంతం మరో విమానంలో దొరకడం కష్టం.

అయితే ఆ సూట్లు ఉన్న విమానాలు కొన్నే. ఎమిరేట్స్ తన పాత 777లని విప్పి బాగుచేసే కార్యక్రమం పెద్ద ఎత్తున చేపట్టింది. వాటిలో ప్రీమియం ఎకానమీ (ఎకానమీకీ బిజినెస్‌కీ నడిమి తరగతి) పెట్టారు, బిజినెస్ మార్చారు. ఫస్ట్‌లో మాత్రం పాత ఎనిమిది సూట్లకే కొత్త హంగులద్దారు, ఆ నిండు గోడలు రాలేదు. ఇక కొత్తగా వస్తున్న ఎయిర్‌బస్ ఏ350ల్లో ఫస్ట్ క్లాసే లేదు. అందుకే టికెట్ కొనే ముందు సీట్ మ్యాప్ తెరిచి చూడండి. 777లో ఫస్ట్ క్యాబిన్ 1-1-1గా (అంటే అటు కిటికీ దగ్గర ఒకటి, నడవల మధ్య ఒకటి, ఇటు కిటికీ దగ్గర ఒకటి) ఆరు సీట్లు కనిపిస్తే వీడియోలోది. 1-2-1గా ఎనిమిది కనిపిస్తే పాతది. విమానం పేరు చూసి నిర్ణయానికి రావద్దు, పాతదానికీ కొత్తదానికీ రాసేది 777-300ఈఆర్ అనే.

సీట్ మ్యాప్ చూసి కొన్నా పూచీ లేదు. జూబ్లీహిల్స్‌లో ఉండే మా క్లయింట్ ఒకాయన, భార్య యాభయ్యో పుట్టినరోజుకని ఒక విదేశీ సంస్థలో కొత్త సూట్లు ఏరికోరి బుక్ చేయించుకున్నారు. ముందురోజు రాత్రి ఫోన్‌కి మెసేజ్, సీటు నంబర్ మారిందని. విమానమే మారిపోయింది. లోపలికి వెళ్ళాక ఆయన నాకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో చేతిపక్కన చెక్క రంగు ప్లాస్టిక్ పట్టీ అంచు లేచి ఉంది, దాన్ని పైకి రాకుండా టేపుతో అతికించారు. కింద ఒకే మాట రాశారు: "ఇదేనా?" కౌంటర్‌లో వాదించి లాభం లేదు, ఎందుకంటే మనం కొన్నది తరగతి, సీటు కాదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి నుంచి కింది తరగతికి దించితే అంతర్జాతీయ ప్రయాణాల్లో దూరాన్ని బట్టి టికెట్‌లో 30, 50, 75 శాతం తిరిగివ్వాలని నిబంధన పెట్టింది. ఫస్ట్ నుంచి బిజినెస్‌కి దించితే అది పనికొస్తుంది. కొత్త ఫస్ట్ చూపించి పాత ఫస్ట్‌లో కూర్చోబెడితే ఏ నిబంధనా అడ్డురాదు.

ఇప్పుడు మీ అమ్మానాన్నల సంగతి. వీడియోలు తీసేవాళ్ళలో ఎక్కువమంది ఒంటరిగా ప్రయాణిస్తారు. ఆ కళ్ళకి గోడ ఎంత ఎత్తుంటే అంత గొప్ప. దంపతులకి అదే గోడ అడ్డం. 1-1-1 క్యాబిన్‌లో పక్కసీటు అంటూ ఉండదు కదా! ఒకరు కిటికీ వైపు గదిలో, ఇంకొకరు నడవ దాటి మధ్య గదిలో. ఇలాంటి ఎత్తు గోడల క్యాబిన్‌లోనే, ఏ సంస్థదో అనవసరం, ఒక పెద్దావిడని చూశాను. ఆవిడ తన తలుపు వేసుకోనే లేదు. కాసేపటికోసారి లేచి, షాల్ భుజాన వేసుకుని, ఎదురు గది గడప దగ్గర నిలబడి "ఏవండీ, మాత్ర వేసుకున్నారా? తిన్నారా?" అని అడిగి వచ్చేది. ఆయనకి హెడ్‌ఫోన్‌లో వినపడదు. క్రూ అమ్మాయి వచ్చి ఇంగ్లిష్‌లో "మీకేమైనా కావాలా మేడమ్" అంటే ఈవిడ నవ్వి మళ్ళీ వచ్చి కూర్చునేది. సౌకర్యం అంతా ఉంది, ఆ మనిషికి కావలసింది మాత్రం లేదు.

అందుకని మీ విషయంలో నా సలహా కొంచెం తలకిందులుగా ఉంటుంది: కొత్తదాని కోసం వెతక్కండి, జంట కోసం కట్టినదాన్ని వెతకండి. ఎమిరేట్స్ రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380లో ఫస్ట్ పాత నమూనానే, 14 సూట్లు, 1-2-1. మధ్య జంటలో కూర్చుంటే నడిమి అడ్డుతెర దించుకోవచ్చు, ఇద్దరూ మాట్లాడుకుంటూ భోంచేయొచ్చు. అబుదాబి సంస్థ ఎతిహాద్ ఏ380లో 2014లో వచ్చిన ఫస్ట్ క్లాస్ గదులు, వాళ్ళు అపార్ట్‌మెంట్లంటారు, తొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాంట్లో కుర్చీ వేరు, పడక వేరు, కొన్ని జంటల మధ్య అడ్డుగోడ దించితే రెండు గదులు కలుస్తాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ380 సూట్లలో (2017లోనే వచ్చాయి, మేడ మీద ఆరు) ముందువరుసల్లో రెండు కలిపి డబుల్ బెడ్ వేస్తారు. లుఫ్తాన్సా 2024 నవంబర్‌లో అలెగ్రిస్ అనే పేరుతో తెచ్చిన కొత్త ఫస్ట్‌లో మధ్య గదిని ఇద్దరి కోసమే కట్టారు. అంటే ఈ తయారీదార్లకీ జంట అవసరం తెలుసు, కాకపోతే ప్రకటనల్లో తలుపు బాగా కనపడుతుంది.

వీటిలో హైదరాబాద్ వాళ్ళకి అక్కరకొచ్చేవి తక్కువ. సింగపూర్ ఏ380 ముంబై, ఢిల్లీలకు వస్తుంది గానీ మనకి రాదు. పైగా సింగపూర్ నుంచి న్యూయార్క్ నేరుగా వెళ్ళే విమానంలో ఇప్పటికి బిజినెస్, ప్రీమియం ఎకానమీ మాత్రమే, ఫస్ట్ పెడతామని 2024లో ప్రకటించారు. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి మనకి ఫ్రాంక్‌ఫర్ట్‌కి డ్రీమ్‌లైనర్ (బోయింగ్ 787) నడుపుతోంది, అందులో ఫస్ట్ లేదు. అలెగ్రిస్ ఫస్ట్ ఉన్న ఏ350లేమో మ్యూనిక్ నుంచి తిరుగుతాయి. ఎయిర్ ఫ్రాన్స్ 2025 వసంతంలో చూపించిన కొత్త లా ప్రెమియేర్ (వాళ్ళ ఫస్ట్ క్లాస్ పేరు) నాకు చూడ్డానికి అన్నిటికన్నా నచ్చింది. ఒక్కో ప్రయాణికుడికి ఐదు కిటికీలు, విడిగా కుర్చీ, విడిగా రెండు మీటర్ల పడక, నేల నుంచి పైదాకా తెరలు. విమానానికి నాలుగే. కానీ ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎమ్ గ్రూపులో హైదరాబాద్ నుంచి ఎగిరేది కేఎల్ఎమ్, 2025 సెప్టెంబర్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి. దాంట్లో ఫస్ట్ క్లాస్ అనేదే లేదు. అమెరికన్ సంస్థల సంగతి అడగనే వద్దు, ఖండాంతర విమానాల్లో వాళ్ళు ఫస్ట్‌ని ఎత్తేస్తూ బిజినెస్‌కే తలుపులు పెట్టుకుంటున్నారు.

ఈ కొత్త క్యాబిన్లు ప్రకటించిన ఏడాదికి రాకపోవడానికి కారణం కూడా చెప్తా, ఎందుకంటే చాలామంది వచ్చే దసరాకి వస్తుందంటగా అని అడుగుతుంటారు. విమానం సీటు 16 జీల (గురుత్వాకర్షణకి పదహారు రెట్ల) కుదుపుకి తట్టుకుంటుందా, అప్పుడు తల దేనికి ఎంత గట్టిగా తగులుతుంది అని బొమ్మల్ని కూర్చోబెట్టి పరీక్షిస్తారు. సీటు చుట్టూ గోడ, తలుపు, తెర పెట్టేకొద్దీ తల తగిలే చోట్లు పెరుగుతాయి. టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో తలుపు తెరిచే ఉండేలా బిగించాలి, ఇరుక్కుంటే లోపలివాళ్ళు బయటికి రాగలగాలి. అనుమతి రాకపోతే సీటు ఉన్నా అమ్మడానికి లేదు. లుఫ్తాన్సా డ్రీమ్‌లైనర్లలో కొత్త బిజినెస్ క్లాస్ పెట్టి 2025లో ఎగరేసినప్పుడు 28 సీట్లలో మొదట నాలుగే అమ్ముకోగలిగారు. ఇంకోటి బరువు. స్విస్ సంస్థ ఏ330ల్లో కొత్త ముందు క్యాబిన్ బరువుకి ముక్కు వైపు మొగ్గుతుందని, వెనక సుమారు ఒకటిన్నర టన్నుల సీసపు పలక పెట్టుకోవలసి వస్తుందని 2025లో బయటపడింది. ముందున్న కొద్దిమంది విలాసం కోసం వెనక సీసం మోయడం. విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

బిజినెస్ క్లాస్ సరిపోతుందా అని కూడా అడిగారు. దానికి జవాబు ఏ బిజినెస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2017లోనే ఖతార్ వాళ్ళు క్యూసూట్ పేరుతో బిజినెస్‌లో తలుపులు పెట్టారు, మధ్య సీట్లు కలిపితే జంట పడక అవుతుంది. ఎయిర్ ఇండియా ఏ350 బిజినెస్‌కీ తలుపులున్నాయి, ఆ విమానంలో ఫస్ట్ లేదు. అలాంటి బిజినెస్‌ని పక్కన పెట్టుకుంటే ఫస్ట్ అదనంగా ఇచ్చేది రెండు జానెడుల స్థలం, మంచి పరుపు, ఖరీదైన మందు, కేవియర్. మీ నాన్నగారు మందు ముట్టరనుకుంటే డోమ్ పెరిన్యోన్ షాంపేన్ మీకు దండగ కిందే లెక్క. అదే ఎమిరేట్స్ బాగుచేయని పాత 777 బిజినెస్ అయితే 2-3-2, ఏడుగురు ఒక వరుసలో, మధ్యలో ఇరుక్కునే సీటు కూడా ఉంటుంది. అక్కడి నుంచి ఫస్ట్‌కి తేడా మాత్రం నిజంగా పెద్దది. ఫస్ట్ బాగుంటుందా అని విడిగా అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అదే దారిలో, అదే రోజు ఉన్న బిజినెస్‌తో పోల్చి అడగాలి.

ఫస్ట్‌లో నిజంగా డబ్బు కనపడేది నేల మీద, నన్నడిగితే. దుబాయ్ టెర్మినల్ 3లో ఏ380ల కోసం కట్టిన కాన్‌కోర్స్ ఏలో ఫస్ట్ లాంజ్ ఒక అంతస్తంతా ఉంటుంది, అక్కణ్ణుంచే నేరుగా విమానం పై అంతస్తులోకి ఎక్కొచ్చు. నాలుగైదు గంటల ఆగుడు ఉన్న పెద్దవాళ్ళకి అది తలుపున్న సూట్ కన్నా మేలు. లుఫ్తాన్సాకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2004 నుంచి ఫస్ట్ వాళ్ళకే వేరే టెర్మినల్ ఉంది, విమానం దగ్గరికి కారులో దింపుతారు. శంషాబాద్‌లో ఇలాంటివేవీ ఆశించకండి. వీల్‌చెయిర్ సాయం మాత్రం ఏ తరగతికైనా ఇస్తారు, ఉచితమే, ముందే అడిగి పెట్టండి.

క్యాబిన్ ఎంత కొత్తదైనా మారనివి కొన్ని ఉన్నాయి. లోపలి గాలి ఒత్తిడి ముందు వరుసకీ వెనక వరుసకీ ఒకటే. డ్రీమ్‌లైనర్, ఏ350ల్లో సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు, 777 లాంటి లోహపు విమానాల్లో అది 8,000 దాకా పోతుంది. తలనొప్పి ఉండే పెద్దవాళ్ళకి ఈ తేడా తెలియవచ్చు. ఆ లెక్కన కొత్త విమానంలో బిజినెస్, పాత విమానంలో ఫస్ట్ కన్నా ఒంటికి హాయి కావచ్చు. ఇంకొకటి నాలుక. పొడిగాలిలో, తక్కువ ఒత్తిడిలో ఉప్పూ తీపీ సరిగా తెలియవు. పింగాణీ పళ్ళెంలో వడ్డించినా పప్పు చప్పగానే ఉంటుంది. శాకాహారులైతే కనీసం 24 గంటల ముందు హిందూ వెజిటేరియన్ మీల్ చెప్పి పెట్టండి, లేకపోతే ఫస్ట్‌లోనూ మెనూలో ఒకే వెజ్ వంటకం ఉండి, అదీ పుట్టగొడుగుల పాస్తా అయ్యే ప్రమాదం ఉంది. ఆవకాయ ముక్కలు చిన్న డబ్బాలో, నూనె కారకుండా రెండు కవర్లలో, చెక్‌ఇన్ లగేజీలో అక్కగారింటికి. చేతి సంచీలో పెడితే సెక్యూరిటీలో పేచీ.

ఇక డబ్బు. హైదరాబాద్-దుబాయ్ నాలుగు గంటలకు అటూఇటూ. ఎక్కి, భోజనం అయి, కునుకు పట్టేసరికి దిగమంటారు. ఆ ముక్కకి ఫస్ట్ కొనడం నా దృష్టిలో శుద్ధ దండగ. దుబాయ్-న్యూయార్క్ సుమారు 14 గంటలు, ఫస్ట్ అక్కడ అక్కరకొస్తుంది. అందుకని మొదటి ముక్క బిజినెస్, రెండోది ఫస్ట్ కలిపి మిక్స్‌డ్ క్యాబిన్ టికెట్ ధర అడగండి. వెబ్‌సైట్‌లో చూపించకపోతే ఏజెంట్‌ని అడిగితే కడతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ తప్ప మిగతా తరగతులన్నిటికీ జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది. లక్షల టికెట్ మీద ఆరు శాతం అంటే చిన్న విషయం కాదు. క్రెడిట్ కార్డు పాయింట్లతో కొట్టేద్దామని ఉంటే జాగ్రత్త. ఎమిరేట్స్ 2025లో ఫస్ట్‌కి మైల్స్ (ఆ సంస్థ ఖాతాలో పోగయ్యే పాయింట్లు) వాడుకునే వీలుని సిల్వర్, గోల్డ్, ప్లాటినం సభ్యులకే పరిమితం చేసింది. పాయింట్లు అటు మార్చేశాక వెనక్కి రావు. ముందు సీటు ఉందో లేదో, మీ ఖాతాకి అర్హత ఉందో లేదో తేల్చుకున్నాకే మార్చండి.

న్యూజెర్సీ కదా అని చాలామంది నెవార్క్ బుక్ చేస్తారు, అది ఇంటికి దగ్గర. ఎమిరేట్స్ నెవార్క్ విమానం ఏథెన్స్‌లో ఆగి వెళ్తుంది, అది 777, స్నానాలగది ఉండదు. స్నానం కావాలంటే న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి నేరుగా వెళ్ళే ఏ380 పట్టుకోవాలి. అందులోనూ సీట్ మ్యాప్ చూడండి, 615 సీట్ల రెండు తరగతుల ఏ380లు కూడా ఉన్నాయి, వాటిలో ఫస్టూ లేదు, షవరూ లేదు. స్నానం గురించి అడుగుతారు కాబట్టి: గది అరగంట, నీళ్ళు ఐదు నిమిషాలు. నీళ్ళు ఎంత మిగిలాయో గోడ మీద దీపాలు చూపిస్తాయి, సబ్బు రాసుకునేటప్పుడు ఆపుకోవచ్చు. నేల వెచ్చగా ఉంటుంది. ఇది నాకు నిజంగా నచ్చింది, ఊహించినదానికన్నా ఎక్కువే. పధ్నాలుగు గంటల ప్రయాణం చివర తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని దిగితే ఇమిగ్రేషన్ వరుసలో నిలబడే ఓపిక వస్తుంది. మీ నాన్నగారికి నచ్చుతుంది. అమ్మగారు ఊగే విమానంలో స్నానమేంటి అని ఒప్పుకోకపోవచ్చు, బలవంతపెట్టకండి.

ఆ ఇమిగ్రేషన్ వరుస గురించే ఇంకో మాట. ఎతిహాద్‌లో వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, 2014 నుంచి ఆ ఏర్పాటుంది. న్యూయార్క్‌లో దిగాక దేశీయ ప్రయాణికుల్లా సంచీ తీసుకుని బయటికి రావడమే. ఇంగ్లిష్‌లో ప్రశ్నలంటే కంగారుపడే పెద్దవాళ్ళకి జేఎఫ్‌కేలో గంటలు నిలబడటం తప్పుతుంది. అక్కడి నుంచి ఏ380లో అపార్ట్‌మెంట్లు, వాళ్ళిద్దరికీ కలిసే గదులు. కొత్త క్యాబిన్ కాదు, పదేళ్ళు దాటింది. నా అమ్మానాన్నలైతే ముందు దీని ధరే అడుగుతాను, రెండోది దుబాయ్ మీదుగా ఏ380 మధ్య జంట సూట్లు. ఈ రెండూ బడ్జెట్‌కి మించితే క్యూసూట్ ఉన్న విమానం చూసి దోహా మీదుగా బిజినెస్ కొనేయండి, మిగిలిన డబ్బుతో తిరుగు ప్రయాణం కూడా బిజినెస్‌లోనే అవుతుంది. పోయేటప్పుడు ఫస్ట్, వచ్చేటప్పుడు ఎకానమీ మధ్య సీటు పెట్టినవాళ్ళని చూశాను. మోకాళ్ళ నొప్పులతో శంషాబాద్‌లో దిగి, నాలుగు రోజులు ఆ మాటే చెప్పుకుంటారు.

తేదీలు ఖాయమయ్యాక ఏ రోజు ఏ విమానం పడుతోందో సీట్ మ్యాప్ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, పీఎన్‌ఆర్ మాత్రం చెరిపేసి. ఏ క్యాబినో చూసి చెప్తాను.